ఎడమ భుజం

వరద వచ్చి మూడేళ్ళా, కాదు, నాలుగో ఏడు నడుస్తోంది, సెలూన్‌లో పెద్దద్దం సగం దాకా నీళ్ళు నిలిచిన ఆ ఏడాదే పైవాటా టీచరమ్మ ఈ లాప్‌టాప్ కొనుక్కుంది, కొన్న కొత్తలోనే అది తడిసింది, ఎండలో పెట్టి, గుడ్డతో తుడిచి ఎలాగో బతికించుకుంది గానీ దాని నెత్తిమీదున్న కెమెరా కంట్లో మాత్రం పువ్వు పట్టినట్టు ఆ తేమ అలాగే ఉండిపోయింది, నాకు స్కూల్లో వేరేది ఇచ్చారు, ఇది మీరుంచుకోండి బాబాయిగారూ అని మొన్న ఆమె ఇచ్చినప్పుడు ఆ పువ్వు సంగతి ఇద్దరికీ గుర్తులేదు, నిన్న ఆస్పత్రి నర్సమ్మ చెబితే కదా తెలిసింది, మీ చేతులు మీ అక్కకి ఆనడం లేదు పెద్దాయనా, పొగలో ఏవో తెల్లగా ఊగుతున్నట్టుంది, అంతే, బయట చిన్న కెమెరాలు దొరుకుతాయి, జేబులో పట్టేవి, లాప్‌టాప్‌కి తగిలించుకోవడమే, ఒకటి తెచ్చుకోండి, అంది, అందుకే ఉలకడు ఈ మిట్టమధ్యాహ్నం సెలూన్ తలుపు దగ్గరకి వేసి, లాప్‌టాప్‌ను గుడ్డసంచిలో పెట్టుకుని, కంప్యూటర్ సామాను అమ్మే ఈ కొట్లో గాజుబల్ల ముందు నిలబడ్డాడు, నిలబడి చాలాసేపయింది, ఏం కావాలో చెప్పలేదు, చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది, అక్క ఉంటే వీపుమీద ఒక్కటిచ్చి ముందుకు తోసేది.

ఉలకడు అన్నది పెట్టిన పేరు కాదు, పడ్డ పేరు, సెలూన్ నడిపేవాడన్నాక లోకం మీది కబుర్లన్నీ కత్తెరతో పాటు ఆడించాలి కదా, ఈయన గడ్డం కింద చెయ్యిపెట్టి తల పైకెత్తడం, భుజం తట్టి లేపడం, అంతే, బెల్లం కొట్టిన రాయి, వెనకాల బల్లమీద తువ్వాళ్ళు మడతలు పెడుతూ కూర్చునే అక్కకేమో పుట్టుచెవుడు, మాట లేదు, వీధికి ఇంతకంటే వేడుకేముంది, తమ్ముడు ఉలకడు, అక్క పలకదు అని జంటపేర్లు కట్టేశారు, కానీ ఆ షాపులో రోజంతా మాటలే నడిచేవని ఏ ఒక్కడికీ తెలీదు, ఉలకడు అద్దంలోకి చూస్తూ ఎడమచేత్తో దువ్వెన ఆడిస్తే అక్క అద్దంలోంచే తిరిగి చేతులు ఆడించేది, కుర్చీలో కూర్చున్నవాడి బట్టతల గురించి, వాడి పెళ్ళాం తిట్ల గురించి, అరువు గడ్డాల గురించి, ఒకసారి కుర్చీలో కూర్చున్న మేస్త్రీ అద్దంలో చూసి, ఏమయ్యా, మీ అక్క నన్నే చూసి నవ్వుతోందేంటి అని అడిగాడు, ఉలకడు అతని తల పక్కకి తిప్పాడు, నీ చెవిలో వెంట్రుకలతో చీపురు కట్టొచ్చంటోంది అని ఎలా చెబుతాడు, ఇప్పుడు ఆ బల్ల ఖాళీ, తువ్వాళ్ళు కుప్పగా పడున్నాయి, అక్క ఆస్పత్రిలో అంటువార్డులో ఉంది, కుడిచేతి వేళ్ళు నల్లబడ్డాయి, షుగరు పుండు, చిన్న ముల్లు గుచ్చుకున్నదే ఇంతయింది, లోపలికి ఎవరినీ రానివ్వరు, చూడాలంటే నర్సమ్మ ఫోనులోనే, రేపు పొద్దున డాక్టరు ఆ వేళ్ళు తీసేస్తాడు, అక్క ఒప్పుకుంది, ఒప్పుకుందనే కదా తను నిన్న డాక్టరుతో చెప్పాడు.

ఏం చూపించమంటారు తాతగారూ, అని కౌంటర్ వెనకనుంచి అమ్మాయి మూడోసారో నాలుగోసారో అడిగినట్టుంది, గొంతులో విసుగు లేదు, నవ్వు ఉంది, ఉలకడు సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్లమీద పెట్టి, దాని నెత్తిమీది మసకకన్ను వేలితో చూపించాడు, ఓ, వెబ్‌క్యామా, వీడియో కాల్ కోసమేనా, ఎవరితో మాట్లాడాలి, మనవలతోనా, అంది, ఉలకడు తల అటూ ఇటూ కాకుండా ఊపాడు, అక్కతో అనడానికి నోరు తెరవాలి, తెరిస్తే ఏ అక్క, ఎక్కడ, ఏమైంది అని ఒకదాని వెనక ఒకటి వస్తాయి, అమ్మాయి మాత్రం ఆగలేదు, అయితే ఇది చూడండి, మైకు సూపరు, వెనకాల మిక్సీ తిరుగుతున్నా అవతలికి మీ గొంతొక్కటే వెళ్తుంది, అంటూ పొడవాటి నల్లటిదొకటి బల్లమీద పెట్టింది, ఉలకడు దాన్ని ముట్టుకోలేదు, ఇంకొకటి పెట్టింది, దీనికి రెండు మైకులు, పక్కన ఏదో వైరు ఏరుకుంటున్న కళ్ళద్దాల మనిషి, ఆఫీసు కార్డు మెడపట్టీ ఇంకా మెళ్ళోనే ఉంది, అడగకుండానే ఇటు తిరిగి, పెద్దాయనా, బొమ్మదేముంది, ఎలాగున్నా సర్దుకోవచ్చు, మాటే ముఖ్యం, మాట వినపడకపోతే ఇంక ఆ కాల్ ఎందుకు చెప్పండి, అన్నాడు, ఉలకడు అతని ముఖంలోకి చూశాడు, మాట వినపడకపోతే, అరవై ఏళ్ళుగా వినపడకుండానే కదా అక్కా తనూ ఒక్కపూట కూడా నోరు మూసుకోకుండా బతికింది, మైకు లేనిది, అన్నాడు ఉలకడు చివరికి, కొట్లో అతను అన్న మొదటిమాట అదే, అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది, మైకు లేనిదా, మైకు లేకుండా ఎవరు కొంటారు తాతగారూ, మూగ కెమెరా ఏం చేసుకుంటారు, అని పకపకా నవ్వింది, ఆ మాట ఎక్కడ తగిలిందో ఆ పిల్లకేం తెలుసు, ఉలకడు తన రెండుచేతులూ ఎత్తి ఛాతీ ముందు పట్టుకున్నాడు, ఇవి, అన్నాడు, ఇవి కనపడాలి.

చేతులు కనపడాలంటే ఏంటో ఆ అమ్మాయికి అర్థమైందో లేదో గానీ నవ్వడం ఆపింది, లాప్‌టాప్ తెరిచి, కొట్టు వైఫైకి కలిపి, ఒక గుండ్రటి కెమెరా తగిలించింది, తెరమీద ఉలకడు కనపడ్డాడు, మాసిన గడ్డంతో, ఊరందరికీ గీసి తను గీసుకోనివాడు, చెయ్యి ఎత్తాడు, చెయ్యి ముందుకొచ్చేసరికి ముఖం మసకైంది, చెయ్యి స్పష్టమైంది, చెయ్యి వెనక్కి తీస్తే ముఖం మళ్ళీ తేరుకుంది, అది ఫోకస్ వెతుక్కుంటోంది తాతగారూ, అలవాటైపోతుంది, అంది అమ్మాయి, అలవాటు కాదు, ముఖం లేని చేతిని అక్క చదవదు, కోపంగా కాదంటే ఒకటి, నవ్వుతూ కాదంటే ఇంకొకటి, ఉలకడు తల అడ్డంగా ఊపాడు, ఇంకొకటి పెట్టింది, ఇది చాలా తెలివైనది, మీరు ఎటు జరిగినా మీ ముఖాన్నే పట్టుకుని వెంటాడుతుంది, చూడండి, అని గర్వంగా చేతులు కట్టుకుంది, ఉలకడు కొంచెం జరిగాడు, బొమ్మ కూడా జరిగింది, ముఖం పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, చేతులు రెండూ కిందికి జారి అంచులో తెగిపోయాయి, తెగిపోయాయి అనుకోగానే అతనికి తెల్లటి బల్ల, రేపు పొద్దున, మత్తుమందు వాసన, లేచి చూసుకుంటే వేళ్ళుండవు, అక్క ముఖం మాత్రం ఉంటుంది, ముఖం పెద్దదిగా ఉంటుంది, వద్దు, తీసెయ్యమ్మా, తీసెయ్, అన్నాడు, గొంతు తనకే కొత్తగా వినపడింది.

డాక్టరు మంచివాడే, చెడ్డవాడైతే బాగుండేది, కసిరి అడిగుంటే ఉలకడు మాట దాటవేసేవాడు, మెల్లగా అడిగాడు, ఫోను నర్సమ్మ చేతిలో, డాక్టరు ఆమె భుజంమీదుగా వంగి, పెద్దాయనా, ఈ విషం మణికట్టు దాటితే చెయ్యి మొత్తం తియ్యాలి, ఇంకా పైకెక్కితే నా చేతిలో ఏమీ ఉండదు, ఆవిడకి చదువు లేదు, మా సైగలు ఆవిడకి తెలీవు, ఆవిడవి మాకు తెలీవు, మీరొక్కరే అడగగలరు, అడగండి, అన్నాడు, అడిగాడు, సెలూన్‌లో అద్దం కింద పలకమీద లాప్‌టాప్ పెట్టుకుని, గిరాకీ కుర్చీలో కూర్చుని, చేతులతో అడిగాడు, అవి పొగలో ఊగాయి కాబోలు, అక్క ముందుకు వంగి కళ్ళు చికిలించింది, మళ్ళీ అడిగాడు, మళ్ళీ చికిలించింది, అప్పుడు డాక్టరే తన కుడిచెయ్యి చూపించి వేళ్ళమీద కత్తిలా గీసి చూపించాడు, అది అక్కకి అర్థమైంది, అర్థమైందని ఆమె కళ్ళే చెప్పాయి, చెయ్యి ఎత్తి భుజం తట్టుకుంది, అంతే, ఏమంటోంది పెద్దాయనా అన్నాడు డాక్టరు, కానీమంటోంది అన్నాడు ఉలకడు, మంచిది అన్నాడు డాక్టరు, తెర నల్లబడింది, అప్పట్నుంచీ ఏదో గొంతుకి అడ్డంపడి దిగటంలేదు, అక్క అలా చూసిందేం, కానీమన్న మనిషి చూపు అది కాదే, సరిగా కనపడలేదు, ఈ పాడు కెమెరా, మంచిది కొంటే ఈ సాయంత్రం ఒకసారి స్పష్టంగా మాట్లాడొచ్చు, భయపడకు, నేను బయటే ఉంటా అని చెప్పొచ్చు, అప్పుడు ఇది దిగుతుంది.

ఇదైతే మీకు సరిపోతుంది తాతగారూ, అని అమ్మాయి చిన్నదొకటి, అగ్గిపెట్టంత, లాప్‌టాప్ నెత్తిన క్లిప్పులా కొరికించింది, వెడల్పుగా చూపిస్తుంది, ముఖాన్ని వెంటాడదు, చెయ్యి కదిపినా వెనకాల మసక తోకల్లేవు, తెరమీద ఉలకడు నడుము దాకా వచ్చాడు, చేతులు రెండూ, భుజాలు రెండూ, వెనకాల కళ్ళద్దాల మనిషి మెడపట్టీ కూడా, ఉలకడు అప్రయత్నంగా కుడిభుజం తట్టుకుని చూసుకున్నాడు, కానివ్వు, అని, తెరలో కుడివైపు భుజంమీద చెయ్యి పడింది, అద్దంలో పడ్డట్టే, బాగుంది, ఎడమభుజం తట్టుకున్నాడు, ఆపు, అని, అదీ బాగుంది, ఇవి నాన్న పిండిమిల్లులో పుట్టిన మాటలు, మర తిరుగుతుంటే ఆ హోరులో చెవులున్నవాళ్ళూ చెవిటివాళ్ళే, అక్కకీ లోకానికీ తేడా లేని చోటు అదొక్కటే, మరకి కుడివైపు పిడి నొక్కితే పట్టా తిరిగేది, ఎడమవైపుది లాగితే ఆగేది, నాన్న దూరంనుంచి కుడిభుజం తట్టుకుంటే తిప్పమని, ఎడమభుజం తట్టుకుంటే ఆపమని, ఇంటికొచ్చాక కూడా అన్నం చాలంటే ఎడమభుజమే, ఇంకా పెట్టమంటే కుడిభుజమే, నాన్న పోయాడు, మర పోయింది, ఆ రెండుమాటలూ ఇద్దరి దగ్గరా ఉండిపోయాయి, బాగుందా తాతగారూ, ఇదే ఇవ్వనా, అంటోంది అమ్మాయి, ఆగండి, ఈ మిర్రర్ తీసేస్తాను, ఇది మీకోసం అద్దంలాగా తిప్పి చూపిస్తోంది, అవతలివాళ్ళకి మీరు ఇలా కనపడరు, ఇదిగో ఇలా కనపడతారు, అని ఎక్కడో నొక్కింది.

తెరలో చెయ్యి ఇటునుంచి అటు గెంతింది, ఉలకడు కదల్లేదు, చెయ్యి ఇంకా ఎడమభుజంమీదే ఉంది, తెరలో మాత్రం కుడివైపు ఉంది, తీసి కుడిభుజంమీద పెట్టాడు, తెరలో ఎడమవైపుకి పోయింది, ఏంటమ్మా ఇది, అన్నాడు, అదే తాతగారూ, అసలు బొమ్మ ఇదే, ఎదురుగా నిలబడ్డ మనిషి మనకి ఎలా కనపడతాడు, వాళ్ళ ఎడమ మన కుడివైపుంటుంది కదా, అలాగ, అంది అమ్మాయి, అయితే అవతలిమనిషి నాకు కనపడేది కూడా, అని ఆగాడు, ఇంతేనా, అన్నాడు, అంతే కదండీ, అవతలివాళ్ళనెప్పుడూ తిప్పి చూపించదు, ఉలకడు గాజుబల్ల పట్టుకున్నాడు, నిన్న అక్క చెయ్యి తెరలో కుడివైపు లేచింది, కుడివైపు భుజంమీద పడింది, తను కానీమంటోంది అన్నాడు, అద్దం కింద కూర్చున్నాడు కదా, ఇన్నేళ్ళూ అద్దంలోనే కదా అక్కని చదివింది, అద్దంలో కుడివైపు కనపడేది కుడిభుజమే, కానీ అది అద్దం కాదు, ఎదురుగా ఉన్న మనిషి, తెరలో కుడివైపుది అక్క ఎడమభుజం, ఆపు, అక్క ఆపమంది, ఆపమంటే తను కొయ్యమన్నాడు, రేపు పొద్దున కోస్తారు, తాతగారూ, ఏమైంది, కూర్చోండి, సార్ ఆ స్టూలిలా వెయ్యండి, మంచినీళ్ళు తాగుతారా, కళ్ళద్దాల మనిషి స్టూలు లాగాడు, ఉలకడు కూర్చోలేదు, కలపమ్మా, అన్నాడు, ఇప్పుడే ఇక్కణ్ణుంచే కలుపు, నర్సమ్మకి కలుపు.

రింగు పోతోంది, ఎత్తడం లేదు, తెరమీద గుండ్రాలు వ్యాపించి ఆరిపోతున్నాయి, మళ్ళీ వ్యాపిస్తున్నాయి, కట్టయింది, మళ్ళీ కలుపు అంటే అమ్మాయి ఏమీ అడక్కుండా కలిపింది, ఇంకో గిరాకీ వస్తే కాసేపాగండి అని చెయ్యి చూపించింది, ఒకవేళ డాక్టరు ఈ రోజే మొదలుపెడితే, రేపన్నాడు కదా, రేపన్నవాళ్ళు ఈ రోజే చేసిన సందర్భాలు లేవా, బల్ల ఖాళీగా ఉంది రండి అంటే, మత్తు సూది ఇచ్చేస్తే, ఇప్పుడు రౌండ్స్ టైమండీ పెద్దాయనా, సాయంత్రం చెయ్యమన్నాను కదా, అని నర్సమ్మ ముఖానికి గుడ్డతో, చేతికి తొడుగుతో తెరలోకి వచ్చింది, అక్క, అన్నాడు ఉలకడు, అక్కనొక్కసారి, ఆమె ఇంకేదో అనబోయి ఇతని ముఖం చూసి నడిచింది, మంచాలు కదిలాయి, కిటికీ కదిలింది, ఫోనుని దేనికో ఆనించింది, అక్క వచ్చింది, దుప్పటి ఛాతీదాకా, తెల్లజుట్టు ఎవరో గట్టిగా జడ వేశారు, ఒక్క ఘడియ ఇటే చూసింది, చూసి ముక్కు కింద వేలితో తుడుచుకున్నట్టు చూపించింది, అది అతని పేరు, చిన్నప్పటి చీమిడి ముక్కు, అరవై దాటినా ఆ పేరు మారలేదు, ఒరేయ్ చీమిడీ, కనపడుతున్నావురా, చిక్కిపోయావు, ఆ గడ్డమేంటి, మన షాపులో కత్తి లేదా, ఎడమచేత్తోనే అంటోంది, ఎడమచేతి మాటలు నత్తివాడి మాటల్లా తడబడుతున్నాయి, గడ్డం అనబోయి మేక అంది, తనకే తెలిసి నవ్వింది.

ఉలకడు నవ్వలేదు, జనం చూస్తున్నారు, సెలూన్ బయట ఎప్పుడూ నలుగురిలో చేతులు విప్పినవాడు కాదు, గాజుబల్ల ముందు ఆ స్టూలుమీదే కూర్చుని రెండుచేతులూ ఎత్తాడు, వేళ్ళు, కోత, డాక్టరు, రేపు, నువ్వేమంటావు, అక్క నవ్వు ఆగిపోయింది, చెయ్యి తిన్నగా లేచింది, తెరలో కుడివైపు, భుజంమీద పడింది, ఒకసారి కాదు, రెండుసార్లు, ఆపు, ఆపు, నిన్నే చెప్పాను కదా, నీ కళ్ళకేమైంది, నిన్నంతా నువ్వు నాకు పొగలా ఉన్నావు, నేను నీకు పొగలా ఉన్నానా, విషం, అన్నాడు ఉలకడు, పైకెక్కుతుంది, అని వేళ్ళనుంచి మణికట్టుకి, మణికట్టునుంచి మోచేతికి, మోచేతినుంచి గుండెకి గీసి చూపించాడు, ఆపేశాక ఏముంటుందో అదీ చూపించాడు, కళ్ళు మూసి, తల వాల్చి, అక్క చూసింది, తెలుసు అంది, నాకు తెలీదా అంది, తర్వాత దుప్పటికేసి, దాని కింద ఉన్న చేతికేసి చూపించి, తన గుండెమీద అరచెయ్యి పెట్టుకుంది, నాది, నన్నడక్కుండా ఏంటిది, ఉలకడు చేతులు ఒళ్ళో పడ్డాయి, అప్పుడు అక్క ఎడమచెయ్యి పైకెత్తి, అయిదువేళ్ళూ విప్పి, పసిపిల్ల గుప్పిలి ఆడించినట్టు ముడిచి విప్పి చూపించింది, ఇది చంటిది, దీనికింకా మాటలు రాలేదు, దీనికి మాటలు రానీ, నువ్వూ నేనూ కూర్చుని నేర్పుదాం, నీ పేరు, నా పేరు, అన్నం, నొప్పి, ఇంటికి పోదాం, తిట్లు, అన్నీ వచ్చాక అప్పుడు ఆ పెద్దదాన్ని కోసుకోనీ, నోరు లేకుండా లేవలేను, చీమిడీ.

అమ్మాయి పక్కకి తిరిగి నిలబడింది, ఆమెకేం అర్థమైందని, ఏమంటున్నారు తాతగారూ అని మాత్రం అడగలేదు, నర్సమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది, ఏమంటోంది పెద్దాయనా, ఆపమంటోంది అన్నాడు, నిన్న ఒప్పుకుందన్నారే, అంది, నిన్న, అద్దంలో చూసే అలవాటు నాది, కుడి ఎడమ తారుమారైంది, అన్నాడు, అయ్యో, అంతేనా, అవుతుందిలెండి, నేను కూడా ఫోనులో చూసుకుంటూ పక్కపాపిట అటుది ఇటు తీసుకుంటాను, డాక్టరుగారితో చెబుతాను, మీరు పొద్దున్నే వచ్చి కలవండి, అంది, ఎంత తేలిగ్గా అయిపోయింది, అమ్మాయి కెమెరాని చిన్న సంచిలో పెట్టి ఇచ్చింది, అదృష్టం తాతగారూ, మిర్రర్ సంగతి ఇక్కడ తెలిసింది కాబట్టి సరిపోయింది, కళ్ళద్దాల మనిషి కూడా తల ఊపాడు, టెక్నాలజీతో ఇవే ఇబ్బందులు పెద్దాయనా, అన్నాడు, అందరూ ఒప్పుకున్నారు, అద్దానిదే తప్పు, బయట ఎండ కొంచెం వాలింది, బస్సు హారన్లు, చెప్పులు కుట్టేవాడి సుత్తి చప్పుడు, గొంతులో అడ్డంపడ్డది దిగాలి కదా ఇప్పుడు, దిగలేదు.

అద్దం, అనుకున్నాడు నడుస్తూ, అద్దంవల్ల, సరే, కానీ ఇంట్లో అద్దమెక్కడుంది, రోజూ రెండుపూటలా కంచాల ముందు ఎదురెదురుగా కూర్చుని అక్క ఎడమభుజం తట్టుకుంటే గరిటె ఆపలేదా, ఒక్కరోజైనా తప్పు చదివి చాలన్న మనిషికి ఇంకో గరిటె వేశాడా, వెయ్యలేదు, అయితే తెర, తెర కొత్త, తెర దగ్గర బుర్ర తిరిగింది, సరే, కానీ దుప్పటి, దుప్పటి కింద ఉన్నది కుడిచెయ్యని తెలీదా, కట్టుకట్టి దిండుమీద పెట్టి కప్పారని నర్సమ్మే కదా ముందు చెప్పింది, మరి లేచినది ఏ చెయ్యి, ఉన్నది ఒక్కటే కదా, ఎడమచెయ్యి, అది ఛాతీ దాటి అటు పోయిందా, లేదు, తిన్నగా లేచి తన పక్కనున్న భుజంమీదే పడింది, ఎడమచెయ్యి తిన్నగా లేస్తే ఏ భుజంమీద పడుతుంది, ఉలకడు రోడ్డుమధ్యలో ఆగిపోయాడు, ఓ పెద్దాయనా, చావాలనుందా అని ఆటోవాడెవడో అరిచి పక్కనుంచి పోయాడు, తనకి తెలుసు, నిన్నే తెలుసు, ఆ చెయ్యి లేస్తున్నప్పుడే తెలుసు, డాక్టరు ఏమంటోంది అని అడగకముందే తెలుసు, అక్క కళ్ళు చూశాడు, ఆపు అన్నది చూశాడు, చూసి కానీమంటోంది అన్నాడు, ఎందుకంటే అక్క పోతే ఆ బల్ల ఖాళీ, అద్దంలో తనొక్కడే, కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు, నిచ్చెన అడిగిన పక్కింటివాడితో అక్క వద్దంటోంది అన్నాడు, తనని పెళ్ళిచూపులకి రమ్మన్న బావతో అక్క వద్దంటోంది అన్నాడు, అక్కకి ఆ నిచ్చెన సంగతే తెలీదు, నవ్వుకునేవాళ్ళు ఇద్దరూ తర్వాత, నవ్వు వేరు, ఇది వేరు, నోట్లో నాలుక లేనివాడు పాపం, అక్క మాటే తన మాట అని వీధంతా అనుకుంది, తనూ అనుకున్నాడు, అక్కకి నోరు తనే అని, కాదు, ఇన్నాళ్ళూ తను నోరు తెరిచి చెప్పినవన్నీ తన మాటలే, అక్క పేరుమీద చెప్పాడు, అంతే.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని ఆస్పత్రికి వెళ్ళాడు, డాక్టరు వరండాలోనే ఎదురయ్యాడు, నర్సమ్మ చెప్పింది పెద్దాయనా, అద్దం గొడవట కదా, అవుతుంటాయి, అన్నాడు, తల ఊపితే సరిపోయేది, ఊపడం ఎప్పుడూ ఉన్నదే, ఉలకడు ఊపలేదు, అద్దం కాదండీ, ఆవిడ ఆపమనే అంది, కానీమన్నది నేను, అన్నాడు, ఆలస్యమైన కొద్దీ ప్రమాదమని తెలుసు కదా, అన్నాడు డాక్టరు, తెలుసు, ఆవిడకీ తెలుసు, సరే, రోజూ విప్పి చూస్తాను, నలుపు కదిలితే మళ్ళీ అడగాల్సిందే, అడగండి, నన్ను కాదు, ఆవిడనే అడగండి, ఎడమభుజం తట్టుకుంటే ఆపమని, కుడిభుజం తట్టుకుంటే కానీమని, అని తన భుజాలమీదే చేసి చూపించాడు, డాక్టరు చేతిలో ఫైలు చంకలోకి మార్చుకుని తనూ ఒకసారి చేసి చూసుకుని లోపలికి వెళ్ళాడు, ఉలకడు వరండాలో సిమెంటు బల్లమీద లాప్‌టాప్ తెరిచి, నెత్తిన కెమెరా తగిలించి, అక్క కనపడ్డాక తన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు, ఎడమచెయ్యి ఎత్తి ముక్కు కింద తుడుచుకున్నట్టు చేశాడు, వేలు తప్పి పెదవిమీద పడింది, అక్క కాదని తల ఊపి, తనూ ఎడమచేత్తో మళ్ళీ చూపించింది.